రెండేళ్ల పాపతో కరీబియన్ క్రూజ్: దసరాకి వద్దు, మే నెలలో వెళ్లండి

ప్రశ్న: మాది మియాపూర్. అన్నయ్య, వదిన డాలస్‌లో ఉంటారు. వచ్చే ఫిబ్రవరికి అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు. ఆ సందర్భంగా అందరం కరీబియన్ క్రూజ్‌కి వెళ్దామని అన్నయ్య పట్టుబడుతున్నాడు. మయామి నుంచి ఏడు రాత్రులు, నాలుగు దీవులు. బాబు రెండో తరగతి, ఏడేళ్లు. వాడి బడి పోకూడదని దసరా సెలవుల్లో అనుకున్నాం. బెంగంతా పాప గురించే. సెలవులు మొదలయ్యేసరికి దానికి రెండేళ్లు నిండడానికి వారం తక్కువ. మావారు "దానికేం గుర్తుంటుంది, డబ్బు దండగ" అంటున్నారు. అత్తగారు "పసిదాన్ని నడిసముద్రంలోకి తీసుకెళ్తారా" అంటున్నారు. అమ్మేమో "పాపని నేను చూసుకుంటాలే, మీరు తిరిగి రండి" అంటోంది. మాకూ బాబుకూ అమ్మానాన్నలకూ అమెరికా వీసాలున్నాయి. పాపకి పాస్‌పోర్టే తీయలేదు. చిన్న రైస్ కుక్కర్ వెంట పెట్టుకుంటే దాని తిండికి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. అసలు వెళ్లొచ్చా? (ఒక పాఠకురాలు, మియాపూర్)

జవాబు: వెళ్లొచ్చమ్మా, నిశ్చింతగా వెళ్లండి. కాకపోతే మీ అన్నయ్య చెప్తున్న క్రూజ్‌కి మాత్రం వద్దు. నెల మార్చండి, ఓడ ఎక్కే రేవు మార్చండి, రోజులు తగ్గించండి. మీ అమ్మగారి మాట గురించి చివర్లో చెప్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

ముందు అత్తగారి భయం. పెద్ద క్రూజ్ కంపెనీలు చాలావరకు ఆరు నెలలు నిండిన పిల్లల్ని ఎక్కించుకుంటాయి. రోజుల తరబడి ఒడ్డు కనబడని అట్లాంటిక్ దాటే ప్రయాణాల్లాంటి వాటికి మాత్రం ఏడాది నిండాలంటాయి. అంటే మీ పాప వయసు పిల్లలు ఓడలో వింతేమీ కాదు. ఓడలో డాక్టరూ నర్సులూ ఉంటారు. పసిపిల్లల కొలతకి లైఫ్ జాకెట్లు ఉంటాయి. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడికి చేరాలో బయల్దేరే రోజే అందరికీ చూపిస్తారు. చాలా ఓడల్లో ఆ చోటు నంబరు రాసిన పట్టీని పిల్లల చేతికి కడతారు కూడా. ఈ మాటలు అత్తగారికి మీరే కూర్చోబెట్టి చెప్పండి. ఆవిడ అడ్డు చెప్పడం లేదు, భయపడుతున్నారు.

ఇక నెల సంగతి. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. సెప్టెంబర్‌లో తీవ్రంగా ఉంటుంది. అక్టోబర్‌లో పుట్టే తుపానుల్లో చాలావాటికి పశ్చిమ కరీబియన్ సముద్రమే పుట్టిల్లు. 2025 అక్టోబర్ 28న మెలిస్సా తుపాను జమైకాని కుదిపేసింది. అదే రోజు రాత్రి మన ఆంధ్ర తీరాన్ని మోంథా దాటింది. దసరా, దీపావళి మధ్య బంగాళాఖాతం ఎలా ఉంటుందో మనకి తెలియనిది కాదు, అక్కడా దాదాపు అంతే. ఓడ తుపానులోకి పోదు, తప్పించుకుని దారి మార్చుకుంటుంది. ప్రాణభయం ఉండదు గానీ మీరు చూడాలనుకున్న దీవి బదులు ఇంకో రేవు చూస్తారు, లేదా రోజంతా అలల మీద ఊగుతారు. దారి మార్చినందుకు టికెట్ డబ్బు తిరిగివ్వరు.

దసరా సెలవులు చాలవు కూడా. ఉన్నదే రెండు వారాలు. రానూపోనూ విమానాలకే నాలుగు రోజులు పోతాయి. టెక్సస్ గడియారం వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక. పెద్దవాళ్లం కాఫీ తాగి నెట్టుకొస్తాం. రెండేళ్ల పిల్ల అర్ధరాత్రి రెండింటికి లేచి ఆడుకుందాం రమ్మంటుంది. ఆ నిద్ర దారికి రావడానికి వారం పడుతుంది. ఆ వారాన్ని క్రూజ్‌లో గడిపితే మీరు డబ్బు పోసి కొనుక్కున్నది జాగరణే.

ఏప్రిల్ చివర్లో మన బళ్లకి వేసవి సెలవులిస్తారు. మే మొదటి రెండు వారాల్లో ఓడ ఎక్కండి. తుపానుల కాలం ఇంకా మొదలుకాదు, అమెరికా పిల్లలకి బడులుంటాయి కాబట్టి ఓడలో రద్దీ కాస్త తక్కువ. ఒక లోటు ఉంది. ఆ నెలల్లో మెక్సికో వైపు తీరాలకి సర్గాసం అనే గోధుమరంగు నాచు కొట్టుకొస్తుంది. అది పేరుకున్న చోట కుళ్లు వాసన వస్తుంది. నేను చెప్పబోయే దారిలో ఓడ ఆగే కొజుమెల్ దీవికి పడమటి ఒడ్డున ఆ బెడద తక్కువ, ఓడలు ఆగేదీ అక్కడే.

విమానం టికెట్ గురించి ఒక మాట. రెండేళ్లలోపు పిల్లలకి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సాధారణంగా పెద్దవాళ్ల టికెట్‌లో పదోవంతు తీసుకుంటారు. దసరాకి వెళ్తే ఆ డబ్బు కలిసొస్తుందని మీకు అనిపించవచ్చు. కానీ ప్రయాణం మధ్యలో పాపకి రెండేళ్లు నిండుతాయి కనుక తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. దోహా మీదుగా వెళ్లినా, దుబాయ్ మీదుగా వెళ్లినా రెండో విమానమే పదహారు గంటల దాకా ఉంటుంది. అంతసేపు రెండేళ్ల పిల్లని ఒళ్లో మోయడం మీకూ కష్టం, దానికీ కష్టం. మే నాటికి ఎలాగూ సొంత సీటు వస్తుంది, దాన్ని ఖర్చు కింద లెక్కేసుకోకండి.

మయామి వద్దన్నానా, గాల్వెస్టన్ నుంచి ఎక్కండి. హ్యూస్టన్‌కి దక్షిణాన ఉన్న రేవు అది, డాలస్ నుంచి కారులో ఐదు గంటల దారి. మీరు నేరుగా అన్నయ్య ఇంటికి దిగుతారు. పాప ఒక వారం పదిరోజులు మామయ్య ఇంట్లో పడుకుని, పెరట్లో ఆడుకుని, అమ్మమ్మ చేతి పప్పన్నం తింటుంది. నిద్ర కుదురుకున్నాకే ఓడ. మయామి అయితే ఎవరికీ ఇల్లు లేని ఊళ్లో, హోటల్ గదిలో ఆ రాత్రులు గడపాలి. పిల్లలున్న ఇంటికి ఈ ఒక్క మార్పు మిగతా అన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలు కారులో వాళ్ల సీట్లలోనే కూర్చోవాలన్నది టెక్సస్ చట్టం, నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు దాటితేనే మినహాయింపు. అంటే పాపతోపాటు బాబుకీ కావాలి. వదినకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

గాల్వెస్టన్ నుంచి నాలుగైదు రాత్రుల ఓడలు దొరుకుతాయి. వాటిలో కొజుమెల్, ప్రోగ్రెసో మాత్రమే చూపించేవి ఉంటాయి. రెండూ మెక్సికోవే. ఐదు రాత్రుల్లో రెండు రేవులు, మిగిలిన రోజులు సముద్రం మీదే. నాలుగు దీవులు ఎందుకు వద్దంటున్నానంటే, దీవి దిగిన ప్రతిరోజూ పొద్దున్నే లేవాలి, క్యూలో నిలబడాలి, ఎండలో నడవాలి, పాప మధ్యాహ్నం నిద్ర పోయే వేళకి ఎక్కడో టాక్సీలో ఉంటారు. సముద్రం మీద ఉన్న రోజు పాప తన వేళకి తింటుంది, తన వేళకి పడుకుంటుంది, క్యాబిన్ రెండు నిమిషాల దూరంలో ఉంటుంది. చిన్నపిల్లలున్న వాళ్లకి అదే అసలైన సెలవు.

మెక్సికో మాత్రమే ఉన్న దారి అనడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది మీ అన్నయ్యతో ఇవాళే మాట్లాడండి. ఆయనది హెచ్‌ వన్‌ బీ అయ్యుంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపు తేదీ చూసుకోమనండి. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి ఉద్యోగ అనుమతి నడుస్తూనే ఉంటుంది, స్టాంపు మాత్రం ఎప్పుడో చెల్లిపోయి ఉంటుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది గుర్తుకే రాదు. క్రూజ్ అంటే దేశం దాటి తిరిగి రావడమే. స్టాంపు గడువు తీరినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉంటే, ముప్పై రోజుల లోపు మెక్సికోకో కెనడాకో మాత్రమే వెళ్లి తిరిగి రావడానికి అమెరికా నిబంధనల్లో వెసులుబాటు ఉంది. బహామాస్, జమైకా, కేమన్ లాంటి దీవులకి ఆ వెసులుబాటు చదువుకీ ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకీ ఇచ్చే ఎఫ్, జె వీసాల వాళ్లకే, హెచ్‌ వన్‌ బీ వాళ్లకి లేదు. మయామి ఓడ నాలుగు దీవులు తిప్పి తెస్తే ఆయన రేవులోనే ఇరుక్కోవచ్చు. చెల్లే అమెరికా వీసా ఉన్న భారతీయులకి మెక్సికో విడిగా వీసా అడగదు, మీకు అది చాలు. అన్నయ్య స్టాంపు గడువు తీరి ఉంటే మాత్రం మెక్సికో వీసా సంగతి క్రూజ్ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోవాలి, ఆయన ఉద్యోగం చేసే కంపెనీ లాయర్‌తోనూ మాట్లాడాలి. వదినది హెచ్‌ ఫోర్, అంటే భార్య హోదాలో వచ్చిన వీసా, అయితే ఆమెకీ ఇదే లెక్క. మీ అందరి వీసాలు ఎన్నిసార్లయినా ప్రవేశించే రకానివో కాదో చూసుకోండి, ఓడ దిగి మళ్లీ అమెరికాలో అడుగుపెట్టాలి కదా.

పాప కాగితాలు అన్నిటికంటే ఆలస్యమయ్యేవి. ముందు పాస్‌పోర్టు, తర్వాత నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ వీసా. తల్లిదండ్రులకి వీసా ఉన్నంత మాత్రాన బిడ్డకి వచ్చేసినట్టు కాదు, దానికి విడిగా దరఖాస్తు, విడిగా రుసుము. అపాయింట్‌మెంట్ కోసం నెలలు పట్టే సందర్భాలున్నాయి. మే నెలకి జరపమనడానికి ఇదీ ఒక కారణమే. వీసా చేతికొచ్చేదాకా తిరిగిరాని డిపాజిట్ ఏదీ కట్టకండి.

ఓడలో పాప రోజు ఎలా గడుస్తుందో ముందే తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే చాలామంది తల్లులు మొదటిరోజే నిరాశపడేది ఈత కొలను దగ్గర. డైపర్ మానని పిల్లల్ని కొలనులోకి దిగనివ్వరు. ఈత డైపర్ వేసినా సరే, ఒప్పుకోరు. అమెరికా ఆరోగ్య శాఖ ఓడలకి పెట్టిన నియమం అది. కొన్ని ఓడల్లో పసిపిల్లల కోసమే కట్టిన నీళ్లాటల చోటు విడిగా ఉంటుంది, అక్కడ ఈత డైపర్‌తో ఆడనిస్తారు. ఓడ ఎంచుకునేటప్పుడు అది ఉందా అని పేరుపెట్టి అడగండి. లేని ఓడ ఎక్కితే, బాబు నీళ్లలో కేరింతలు కొడుతుంటే పాప ఒడ్డున ఏడుస్తూ కూర్చుంటుంది. మే నాటికి దానికి రెండేళ్ల ఏడు నెలలు, డైపర్ మానితే సరే. క్రూజ్ కోసమని దాన్ని తొందరపెట్టకండి. కొలను దగ్గర కాపలావాళ్లు కొన్ని ఓడల్లో ఉండరు, మీ ఇద్దరిలో ఒకరి కళ్లెదుట తప్ప పిల్లలు నీళ్ల దగ్గర ఉండకూడదు.

పిల్లల్ని చూసుకునే చోట్ల సంగతి కంపెనీకో రకం. కార్నివాల్ ఓడల్లో రెండేళ్లు నిండితే పిల్లల క్లబ్బులో ఉచితంగా చేర్చుకుంటారు, మీరు డైపర్లు ఇస్తే వాళ్లే మారుస్తారు. రాయల్ కరీబియన్‌లో పిల్లల క్లబ్బుకి మూడేళ్లు నిండాలి, డైపర్ మాని ఉండాలి. అంతకన్నా చిన్నవాళ్లకి కొన్ని ఓడల్లో నర్సరీ ఉంటుంది, గంటకింత అని తీసుకుంటారు, చోట్లు త్వరగా నిండిపోతాయి కనుక ఎక్కిన రోజే రాయించుకోవాలి. ఈ రెండు కంపెనీల ఓడలూ గాల్వెస్టన్ నుంచి బయల్దేరతాయి. మీ పాప వయసుకి నేనైతే మొదటిదే చూస్తాను. కొత్త ముఖాల్ని చూసి ఏడ్చే పిల్ల అయితే మొదటిరోజు అరగంటే వదలండి, బయటే నిలబడండి.

క్యాబిన్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పక్కపక్కనే, మధ్యలో తలుపు తెరుచుకునే రెండు క్యాబిన్లు తీసుకోండి, ఒకటి మీకు, ఒకటి అమ్మానాన్నలకి. మీ దానికి బాల్కనీ ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి పాప పడుకుంటే గదిలో దీపం ఆర్పేయాలి, మీరిద్దరూ చీకట్లో మంచం అంచున కూర్చోవాలి. బాల్కనీ ఉంటే తలుపు దగ్గరగా వేసి, బయట గాలికి కూర్చుని మాట్లాడుకోవచ్చు. బాల్కనీ కుర్చీలు రెయిలింగ్ పక్కన ఎప్పుడూ ఉంచకండి, పగలు తలుపు గడియ వేసే ఉంచండి. పాపకి మడత ఊయల మంచం ముందే అడిగితే ఉచితంగా ఇస్తారు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. రెండేళ్లలోపు పిల్లలకి కడుపులో తిప్పడం అరుదు, ఆ తర్వాతే మొదలవుతుంది. మందు పిల్లల డాక్టర్ రాస్తేనే ఇవ్వండి, పెద్దల మాత్ర విరిచి వేయకండి. ఓడలో పసిపిల్లకైనా ఒక మనిషి లెక్కే, పన్నులూ రేవు రుసుములూ పెద్దవాళ్లతో సమానం. రోజుకి మనిషికి పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా టిప్పులు వేస్తారు, రెండేళ్లలోపు పిల్లలకి మినహాయించే కంపెనీలు కొన్ని ఉన్నాయి.

రైస్ కుక్కర్ తీసుకెళ్లకండి. కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటి వేడిచేసే వస్తువుల్ని ఓడలోకి రానివ్వరు, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెడతారు. మంట భయం ఓడకి అన్నిటికంటే పెద్ద భయం, అందుకే అంత కఠినం. ఇక్కణ్నుంచి బియ్యం మూటగట్టడమూ వద్దు. భారత్ లాంటి దేశాల నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని అమెరికా కస్టమ్స్ ఒప్పుకోదు, ధాన్యానికి పట్టే ఖాప్రా పురుగు వస్తుందని. డాలస్ చుట్టూ ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో మన సరుకుల కొట్లకి కొదవలేదు.

అయినా పాప ఆకలితో ఉండదు. బఫేలో తెల్ల అన్నం, తియ్యదనం లేని పెరుగు, అరటిపండు, ఉడికించిన కూరగాయలు, గుడ్లు ఉంటాయి. పెరుగన్నం కలపడానికి ఇంకేం కావాలి? వేడినీళ్లు బఫేలో ఎప్పుడూ దొరుకుతాయి, కాబట్టి సీలు వేసిన ఉగ్గు ప్యాకెట్లు వాడుకోవచ్చు. అమెరికాలో దిగేటప్పుడు తిండి సామాన్లన్నీ కస్టమ్స్ వాళ్లకి చెప్పాలి. ఇంట్లో వండిన పదార్థాలు ఓడలోకి తీసుకెళ్లనివ్వరు. మొదటి రాత్రి భోజనాల హాల్లో పెద్ద వెయిటర్‌ని పిలిచి, పాపకి కారం లేని పప్పూ అన్నం కావాలని, మీ అమ్మానాన్నలు శాకాహారులైతే ఆ సంగతీ చెప్పండి. మర్నాటి నుంచి వంటగది సిద్ధం చేసి పెడుతుంది. ఓడ సిబ్బందిలో మన దేశం వాళ్లు చాలామంది ఉంటారు, అడగడానికి మొహమాటపడకండి. రాత్రి భోజనానికి మొదటి పంక్తిలోనే చోటు రాయించుకోండి.

రేవుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొజుమెల్‌లో ఓడ నేరుగా రేవు గోడకి ఆనుతుంది, స్ట్రోలర్ నెట్టుకుంటూ దిగిపోవచ్చు. దగ్గర్లో నీడా స్నానాల గదులూ ఉన్న ఒక బీచ్ చూసుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చేయండి. అక్కడి టాక్సీల్లో పిల్లల సీట్లుండవు, దూరాలు పెట్టుకోకండి. ప్రోగ్రెసోలో రేవు వంతెన ఆరున్నర కిలోమీటర్లు, బస్సులో ఊళ్లోకి తీసుకెళ్తారు. మాయా నాగరికత నాటి చిచెన్ ఇట్జా శిథిలాలు చూడాలని మీ నాన్నగారికి ఉంటే బాబునీ మీ వారినీ తోడిచ్చి పంపండి. రానూపోనూ నాలుగు గంటల బస్సు అది, పాపకి వద్దు. ఎండ మన ఏప్రిల్ ఎండే, పైగా నీళ్ల మెరుపు. టోపీ, పూర్తి చేతుల ఈత దుస్తులు, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ చాలు. మిగతా రకాలు కొన్ని పగడపు దిబ్బలకి చేటు చేస్తాయి.

బయల్దేరే ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లి టీకాల పుస్తకం చూపించండి, ముఖ్యంగా తట్టు టీకా రెండు మోతాదులూ పడ్డాయో లేదో. పారాసిటమాల్ సిరప్, ఓఆర్‌ఎస్, డైపర్లు మీరే తీసుకెళ్లండి, ఓడ కొట్లో రకాలు తక్కువ, ధర ఎక్కువ. ఓడ ఎక్కేటప్పుడు పెట్టెలు కూలీలకిస్తే సాయంత్రానికి గానీ గదికి రావు. మొదటిరోజుకి కావలసిన డైపర్లు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరో వైరస్ ఓడల్లో త్వరగా పాకుతుంది. దాని మీద శానిటైజర్ సరిగా పనిచేయదు, పాప చేతులు సబ్బుతోనే కడగండి. ఓడ డాక్టర్ ఫీజు డాలర్లలో మీ ఖాతాకి ఎక్కుతుంది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు క్రూజ్‌కి వర్తిస్తుందా, ఓడ నుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఇస్తారా, అమ్మానాన్నల బీపీ, షుగర్‌లకి వర్తిస్తుందా అని మూడూ రాతలో అడగండి. ఇది చదివే మిగతావాళ్లకొక మాట: ట్రినిడాడ్ ఉన్న దక్షిణ కరీబియన్ దారి ఎంచుకుంటే, ఆరు రోజుల్లోపు భారత్‌కి తిరిగొచ్చే వాళ్లని మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. ఆ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. కనీసం పదిరోజుల ముందు వేయించుకోవాలి.

ఇప్పుడు అమ్మగారి మాట. "పాపని నేను చూసుకుంటాలే, మీరు తిరిగి రండి" అన్నారు. మన ఇళ్లలో అమ్మమ్మలందరూ అనే మాటే ఇది, మనస్ఫూర్తిగానే అంటారు. అందుకే మనం ఇట్టే ఒప్పేసుకుంటాం. అమ్మా, ఇది ఆవిడ పెళ్లిరోజు. నలభై ఏళ్లలో ఆవిడ ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని తీర్థయాత్రల్లో ఎవరో ఒకరి పిల్లని ఎత్తుకుని విడిదింట్లో కూర్చున్నారో మీకే తెలుసు. ఓడలో కూడా కిటికీ లేని గదిలో నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చోబెడితే, మీరు తీసుకెళ్లింది అమ్మని కాదు, ఆయాని. ఆవిడ నోరు తెరిచి ఎప్పటికీ అనరు.

బయల్దేరకముందే ఒక కాగితం మీద రాసుకోండి: పొద్దున పాప మీ వారిది, మధ్యాహ్నం నిద్ర వేళ మీది, సాయంత్రం ఒక గంట అన్నయ్యావదినలది, క్లబ్బులో ఉండే వేళలు ఇవీ అని. అమ్మకి పాపతో గడపాలని ఉంటే ఎప్పుడైనా ఎత్తుకోవచ్చు, ఆవిడ వంతు అని మాత్రం ఏదీ రాయకండి. ఒక సాయంత్రం ఓడలోని ప్రత్యేక రెస్టారెంట్‌లో ఇద్దరికే బల్ల రాయించండి. అమ్మకి పట్టుచీర పెట్టుకోమని హైదరాబాద్‌లోనే చెప్పండి, ఓడలో ఒక రాత్రి అందరూ ముస్తాబవుతారు. "మీరు లేకుండా మేమిద్దరమే ఏం తింటాం" అంటారు. పంపండి. ఆ రాత్రి పాప ఏడ్చినా వాళ్లకి కబురు పెట్టకండి.

మీ వారితో గొడవపడకండి, ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. పాపకి ఏమీ గుర్తుండదు. కాబట్టి పాప కోసమని డాల్ఫిన్ల ఆటకీ, జలాంతర్గామి యాత్రకీ డబ్బు పోయకండి, ఆ ఖర్చంతా తగ్గించేయండి. బాబుకి ఏడేళ్లు, వాడికి తాతయ్యతో ఓడ మీద చేసిన ప్రతిదీ గుర్తుంటుంది. మీ అమ్మానాన్నలు ఆరోగ్యంగా, ఇద్దరూ ఓడ మెట్లు ఎక్కగలిగిన వయసులో ఉన్నారు. ఈ ఖర్చు వాళ్ల కోసం పెడుతున్నామని ఆయనతో చెప్పండి, ఎంత అవుతుందో లెక్కలు ఆయన చేతే వేయించండి.

ఈ వారంలో పాప పాస్‌పోర్టుకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. అన్నయ్యకి ఫోన్ చేసి మయామి బుకింగ్ ఆపమనండి, స్టాంపు తేదీ చూసి చెప్పమనండి. తేదీ తెలిశాక మళ్లీ రాయండి, ఏ ఓడ అన్నది అప్పుడు చూద్దాం.